నోరు లేని చుట్టం

మొన్న పొద్దున ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఆఫీసుకు వెళ్లే ట్రామ్ కోసం నిలబడి ఉంటే డాక్టరమ్మ కూతురు ఫోన్ చేసింది. ఆమె ఉండేది హాంబర్గ్‌లో. నాతో ఎప్పుడూ జర్మన్‌లోనే మాట్లాడుతుంది, తెలుగు అర్థమూ కాదు, రాదు. ఆ రోజు మాత్రం ఎక్కడి నుంచి వెతికి తెచ్చుకుందో రెండు మాటలు తెలుగులో అంది. “అమ్మ పోయింది.” ట్రామ్ వచ్చి వెళ్లిపోయింది. నేను అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. పక్కన నిలబడ్డ పెద్దాయన ఒకరు టిష్యూ పేపరు చేతికిచ్చి జరిగిపోయారు.

దహనం ఎప్పుడో ఇంకా తెలియదు. ఇక్కడ దానికీ టెర్మిన్ కావాలి, అంటే ముందుగా తీసుకునే అపాయింట్‌మెంటు. అది దొరికాక చెప్తానంది కూతురు. పోయాక కూడా టెర్మినా అని డాక్టరమ్మ వింటే పగలబడి నవ్వేది. ఆ నవ్వు గుర్తొచ్చే ఇది రాయడానికి కూర్చున్నాను. హార్జ్ కొండల్లో క్లౌస్తాల్‌లో చదువుకున్న తెలుగు పిల్లలకు తప్ప ఆమె ఎవరికీ తెలియదు. పేపర్లో వేసేంత పెద్ద మనిషి కాదు. తెనాలి వైపు నుంచి పంతొమ్మిది వందల డెబ్బైల్లో డాక్టరుగా వచ్చింది. భర్త గనుల ఇంజనీరు, ఆయనతో పాటు ఆ కొండ మీద దిగింది. ఆయన పోయాక, ఉద్యోగం అయిపోయాక, అదే చెక్క ఇంట్లో ఒక్కతే ఉండిపోయింది. పేరు చివర ‘గారు’ తగిలిస్తే ఒప్పుకునేది కాదు. “గారు అంటే సన్మాన సభే గుర్తొస్తుంది, తీసెయ్యండి” అనేది. అందుకే అందరికీ వట్టి డాక్టరమ్మే.

నాకు ఆమె బస్సులో దొరికింది. మాస్టర్స్‌కు వచ్చిన మొదటి చలికాలం. గోస్లార్ నుంచి కొండెక్కే బస్సులో అమ్మతో ఫోన్ మాట్లాడి పెట్టేసి, దగ్గుతూ కూర్చున్నాను. ముందు సీట్లో ఊలు టోపీ పెట్టుకున్న ముసలామె వెనక్కి తిరిగింది.

“ఆ దగ్గు ఎన్నాళ్ల నుంచే అమ్మాయ్?”

నేను ఉలిక్కిపడ్డాను. ఆ మంచులో, ఆ బస్సులో, తెలుగు!

“వచ్చినప్పటి సంది ఉంది మేడం.”

“కరీంనగర్ వైపా మీది?”

“మీకెట్ల తెల్సు?”

“దగ్గులో తెలీలేదులే, ఫోన్లో తెలిసింది.” అంటూనే సీటు మీద నుంచి చెయ్యి చాచి నా మణికట్టు పట్టుకుంది. పలకరింపు అనుకుని నేను కూడా పట్టుకున్నాను. చూస్తే నాడి చూస్తోంది. “ఆదివారం మా ఇంటికి రా. భోజనం పెడతాను. వట్టి చేతుల్తో రాకు, పద్యం తీసుకురా.”

“నేను మెటలర్జీ చదువుతున్న మేడం. నాకు పద్యాలు రావు.”

“అయితే ఇనప పద్యం తే.”

అలా మొదలైంది. నెలకో ఆదివారం ఆమె ఇంట్లో తెలుగు పిల్లలందరికీ మధ్యాహ్నం భోజనం. ఆ భోజనానికి ఒక పద్ధతి ఉండేది. పప్పు, కూర, సాంబారు దాకా ఎవరిష్టం వాళ్లది. పెరుగు గిన్నె మాత్రం ఆమె పక్కన ఉండేది. అందరూ రాసుకొచ్చింది చదివితేనే పెరుగన్నం. ఛందస్సు అక్కర్లేదు, పది లైన్లయినా చాలు. ఎందుకు మధ్యలో చదవాలి అని ఒకసారి అడిగితే, “ఆకలితో ఉన్నవాడు తొందరపడి చదువుతాడు, కడుపు నిండినవాడు అబద్ధాలు చదువుతాడు. సగం తిన్నప్పుడే మనిషి కాస్త నికార్సుగా ఉంటాడు” అంది. అది నిజమో కాదో నాకిప్పటికీ తెలియదు. కానీ ఎసైన్‌మెంట్లు, పార్ట్‌టైమ్ షిఫ్టులు, వీసా ఎక్స్‌టెన్షన్ కంగారు అన్నీ నెత్తిన ఉన్నా, ఆ పెరుగన్నం కోసమని మేం నెలనెలా ఏదో ఒకటి రాసేవాళ్లం. మా ఊళ్లో ఉంటే చచ్చినా రాసేదాన్ని కాదు.

రాసినదాన్ని ఆమె పేషెంటును చూసినట్టే చూసేది. ఒక్కో మాట నొక్కి చూసేది. “విశేషణాలు ఎక్కువ పెట్టావంటే నీకు జబ్బేంటో తెలీలేదన్నమాట. తెలిసిన డాక్టరు ఒక్క ముక్కలో చెప్తాడు” అని నా పద్యాల్లో సగం కొట్టేసేది. కొట్టేసి, మిగిలిన సగం మళ్లీ పైకి చదివేది, అది నాదేనా అన్నంత బాగా.

ఒక ఆకురాలు కాలం ఆదివారం ఆమె ఆవకాయ జాడీ ఒకటి కడిగి బల్ల మీద పెట్టింది. లోపల చీటీలు ఉన్నాయి. “ఇవాళ గ్రీకువాళ్ల కథ చెప్తాను” అంది. పెద్ద దేవుడికి మనుషుల మీద కోపం వచ్చిందట. అందమైన పిల్లను ఒకదాన్ని తయారు చేసి, చేతికి మూత పెట్టిన జాడీ ఇచ్చి భూమ్మీదికి పంపాడట. ఆ పిల్ల మూత తీసింది. అంతే, మనుషులు పడే కష్టాలన్నీ బిలబిలమని బయటికొచ్చి లోకమంతా తిరగడం మొదలుపెట్టాయి. భయపడి మూత పెట్టేసరికి ఆశ ఒక్కటే లోపల చిక్కుకుంది.

“ఒక్కొక్కరు ఒక్కో కష్టాన్ని తీసుకోండి. మనిషిని చేసి నా ముందు నిలబెట్టాలి. అది ఏం కట్టుకుంటుంది, ఎలా నడుస్తుంది, తలుపు కొడుతుందా, తోసుకొస్తుందా, అన్నీ నాకు కనపడాలి.”

“ఆశ ఎవరికమ్మా?” అని సుధీర్ అడిగాడు. విజయనగరం పిల్లాడు, నాకంటే ఒక ఏడాది జూనియర్.

“దాని జోలికి ఎవ్వరూ పోవద్దు. లోపలే ఉండనీ పాపం.”

సుధీర్‌కు చాకిరీ వచ్చింది. వాడు పార్సిల్ గోడౌన్లో పనిచేసేవాడు. తర్వాతి నెల చాకిరీని షిఫ్టు సూపర్‌వైజర్ని చేసి తెచ్చాడు. ఈల మెళ్లో వేసుకుని, ఎన్నేళ్లయినా నీ పేరు నేర్చుకోకుండా, ‘ఏయ్ నువ్వు’ అని పిలిచే మనిషి. డాక్టరమ్మ కళ్లనీళ్లొచ్చేలా నవ్వి వాడికి రెండు గరిటెల పెరుగు వేసింది.

నా చీటీలో రోగం వచ్చింది. అది చూసి ఆమె మళ్లీ కథలోకి వెళ్లింది. “ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయాను. ఆ కథలో రోగానికి నోరు లేదు. పెద్ద దేవుడు దాని మాట లాగేసుకున్నాడు. అందుకే చప్పుడు చెయ్యకుండా వచ్చేస్తుంది.”

తర్వాతి నెలకు నేను ఎంతో ఇష్టంగా రాసుకెళ్లాను. చిన్నప్పుడు నాకు తల్లి పోసింది, ఒళ్లంతా పొక్కులు. మా వాడకట్టులో ఎవరూ దాన్ని జబ్బు అనరు. గుమ్మానికి వేపమండలు కట్టారు, వేపాకు పక్క మీద పడుకోబెట్టారు. మా నాయినమ్మ పక్కన కూర్చుని, ఇంటికొచ్చిన చుట్టంతో మాట్లాడినట్టు మాట్లాడేది. “తల్లీ, సల్లగుండు. పిల్లను సతాయించకు” అనేది. చివరి రోజు వేపనీళ్లు పోసి, పెరుగన్నం పెట్టి సాగనంపింది. నా పద్యంలో గ్రీకువాళ్ల రోగం ఆ తల్లే అయింది. పసుపు చీర, వేపాకు కొప్పు, నోరు లేకపోయినా పెద్ద పెద్ద కళ్లు. బాగా వచ్చిందనుకున్నాను, దేవుడి తోడు.

సగం చదివేసరికి డాక్టరమ్మ గరిటె కింద పెట్టింది.

“ఆపు.”

ఆపాను.

“ఆ వేపమండల కింద ఒక పిల్ల చచ్చిపోయింది, తెలుసా నీకు? అప్పుడు నేను హౌస్‌సర్జన్ని. తట్టు పోసింది. అమ్మవారికి కోపం వస్తుందని ఆస్పత్రికి తేలేదు. ఫిట్స్ వచ్చాక తెచ్చారు. నా ఒళ్లోనే పోయింది. నువ్వు దానికి పసుపు చీర కట్టి తెచ్చావు నా ఇంటికి!”

“మా నాయినమ్మ నన్ను బతికించిందమ్మా.” నాకూ రోషం తక్కువేం కాదు.

“నిన్ను బతికించింది నీ ఒళ్లు. రోగానికి దండం పెట్టకూడదు. దాన్ని తన్ని తరమాలి.”

నేను కంచం ముందు నుంచి లేచిపోయాను. గదికొచ్చి తలుపేసుకుంటే సాయంత్రం సుధీర్ వచ్చి డబ్బా ఒకటి చేతిలో పెట్టాడు. “పెరుగు తినకుండా పోతే కడుపులో మంటొస్తుందని చెప్పమన్నారు. ఏటక్కా, పెద్దావిడతో గొడవేటి?” అన్నాడు. డబ్బాలో దానిమ్మ గింజలు వేసిన పెరుగన్నం ఉంది. మూతి ముడుచుకునే మొత్తం తిన్నాను. వచ్చే నెల మళ్లీ వెళ్లాను. ఆ పద్యం సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

చదువు అయింది, ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం వచ్చింది, ఇక్కడే ఉండి పనిచేసుకోవడానికి బ్లూ కార్డు వచ్చింది. ఆ ఉద్యోగం ఇంటర్వ్యూకు వేసుకెళ్లిన కోటు కూడా డాక్టరమ్మదే. చేతులు పొడుగైతే లోపలికి మడిచి తనే కుట్టింది. ఆపరేషన్లలో వేసే కుట్టులాగా ఎంత గట్టిగా వేసిందంటే ఇప్పటికీ ఊడలేదు.

పోయిన చలికాలంలో సుధీర్ ఫోన్ చేసి ఆమె కడుపులో గడ్డ ఉందని చెప్పాడు. ఒక విడత మందులు ఎక్కించారట. రెండో విడత వద్దనేసిందట. నేను ఆ శనివారమే రైలెక్కి, బస్సెక్కి వెళ్లాను. మనిషి సగమైపోయింది. ఆ చలిలో కూడా కిటికీలు బార్లా తెరిచి పెట్టుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుంది. నేను ఏడుపు మొహం పెట్టేసరికి, “ఏడుపు తర్వాత, ముందు ఆ కిటికీ వెయ్యి, గాలి చాలు” అంది. తర్వాత అసలు సంగతి చెప్పింది.

“ఆ జాడీ చీటీ గుర్తుందా? అది నీ దగ్గర్నుంచి తీసేసుకుంటున్నా. రోగం నాకొచ్చింది, పద్యం కూడా నేనే రాయాలి.”

“మీరు రెస్టు తీసుకోండమ్మా. పద్యం గురించి ఇప్పుడెందుకు?”

“ఇప్పుడు కాక ఎప్పుడే? జన్మంతా దాని మీద రిపోర్టులు రాశాను. ఒక్కసారి కూడా దానితో మాట్లాడలేదు. పోయేలోగా ఒక్కసారి మాట్లాడాలి. నా భాషలో మాట్లాడాలి.”

ఆమెకు అప్పుడు కావాల్సింది అదొక్కటే. కానీ కలం పట్టుకుంటే మాట రావడం లేదు. “నొప్పి నాకు జర్మన్‌లో వస్తోందే” అంది. “నర్సు ఒకటి నుంచి పది దాకా ఎంత అని అడుగుతుంది, నేనో అంకె చెప్తాను, అంతటితో సరి. తెలుగులో ‘నొప్పి’ అన్న ఒక్క మాట తప్ప నాకేం మిగల్లేదు.” అలా అన్నప్పుడు ఆమె మొహం చూడలేకపోయాను. గడ్డ గురించి చెప్పినప్పుడు కూడా అంత దిగులు లేదు.

పక్కన కూర్చుని ఒక్కో మాట అందించడం మొదలుపెట్టాను. సలుపు. పోటు. మంట. తీపు. కలుక్కుమనడం. కడుపులో దేవినట్టుండటం. ఆమె కళ్లు మూసుకుని, కడుపు మీద చెయ్యి పెట్టుకుని, చీరలు మీద వేసుకుని చూసినట్టు ఒక్కో మాటా సరిచూసుకునేది. “పోటు కాదు. సలుపూ కాదు, సలుపు పంటిది. ఇంకోటి చెప్పు.”

“మా దిక్కు గుంజుతుంది అంటరు.”

“గుంజుతుంది...” పెదాలు కదిపింది. కళ్లు తెరిచింది. “అదే! అదేనే! లోపల ఎవరో కొంగు పట్టి గుంజుతున్నట్టే ఉంది. చూశావా, చివరికి మీ కరీంనగర్ మాటే పట్టుకుంది దాన్ని.” చిన్నపిల్లలా సంబరపడిపోయింది.

ఆ తర్వాత వీలైన ప్రతి శనివారం వెళ్లాను. మాట దొరికింది కానీ మనిషి దొరకలేదు. దొంగ అని రాసి కొట్టేసింది. “దొంగయితే పట్టుకుపోతుంది, ఇది తీరుబడిగా కూర్చుంది కదే.” రాక్షసి అని రాసి అదీ కొట్టేసింది. “అది రాక్షసయితే నేను దేవతనవ్వాలి. అంత సీను లేదు.” సుధీర్ వీడియో కాల్లోకి వచ్చి, “ఆన్‌మెల్డుంగ్ చేయించకుండా ఇంట్లో దిగిపోయిన టెనెంటు అని రాయండమ్మా” అంటే పడీ పడీ నవ్వి, “ఒరే, నవ్వించకురా, గుంజుతోంది” అని కడుపు పట్టుకుంది. అది కొన్నాళ్లు నడిచింది. అద్దె ఇవ్వదు, ఆన్‌మెల్డుంగ్ అని ఊరి ఆఫీసులో పేరు రిజిస్టరు చేయించుకోదు, వంటింట్లో గిన్నెలు జరిపేస్తుంది. బాగానే ఉందనుకున్నాం. ఒకరోజు దాన్నీ పక్కన పెట్టేసింది.

“నవ్వొస్తోంది కానీ నిజం కాదే. దీంట్లో కూడా దాన్ని ఖాళీ చేయించాలనే చూస్తున్నాను. ఆ మందు ఎవరి దగ్గరా లేదని నాకు తెలుసు కదా.”

ఉన్నట్టుండి అడిగింది. “మీ నాయనమ్మ దాన్ని ఏమని పిలిచేది?”

“తల్లీ అని.”

“భయం వేసేది కాదా ఆవిడకి?”

“మస్తు భయమైతుండె. అందుకే మెల్లగ మాట్లాడేది.”

డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగింది. “దండం మాత్రం పెట్టను. నా ఒళ్లో పోయిన ఆ పిల్ల నాకింకా గుర్తుంది” అంది. తర్వాత, “కాని మెల్లగా మాట్లాడటం... అది నేనెప్పుడూ చెయ్యలేదే దానితో. ఎప్పుడూ అరవడమే” అంది.

ఆమెను నేను చివరిసారి చూసింది కొండ కింద ఊళ్లో, ఆఖరి రోజుల వాళ్లను చూసుకునే ఇంట్లో. ఆదివారం మధ్యాహ్నం. కూతురు మంచం అవతలి పక్క కూర్చుని ఉంది. బయట మంచు కరిగి చూరు నుంచి కారుతోంది. డాక్టరమ్మ గొంతు బాగా సన్నబడిపోయింది. “రాసుకో” అంది. నేను ఫోన్ తీసి టైపు చెయ్యడం మొదలుపెట్టాను. మధ్యమధ్య ఊపిరి కోసం ఆగుతూ చెప్పింది.

“మూత తీసినప్పుడు
ఆకలి అరుచుకుంటూ వచ్చింది
అసూయ గుసగుసలాడుతూ వచ్చింది
నీ నోరు మాత్రం ముందే కుట్టేశాడు దేవుడు
తలుపు కొట్టడం నీకు రాలేదు
పిలవడం రాలేదు
అందుకే గుంజావు
నేను నిన్ను తిట్టాను, కోశాను, కాల్చాను
నువ్వు ఒక్క మాటా అనలేదు
అంత చలిలో కొండెక్కి వచ్చావు
రా
కోటు విప్పి ఆ కుర్చీలో కూర్చో”

అక్కడ ఆగిపోయింది. కూతురు నా వైపు చూసి, అయిపోయిందా అని జర్మన్‌లో అడిగింది. నేను అడ్డంగా తల ఊపాను. డాక్టరమ్మ కళ్లు మూసుకుంది. “ఇంకొక్క లైను ఉందే. రావట్లేదు. కుర్చీలో కూర్చోబెట్టాను కానీ, ఏమనాలో తెలీట్లేదు.”

“తర్వాత చెప్పుదురులెమ్మా. నేను మళ్ల వస్త.”

“ఎక్కడి తర్వాతే.”

ఆమె పాదాల మీద దుప్పటి సర్దాను. ఇన్ని నెలలు దీనికోసమే ఊపిరి బిగపట్టుకుని ఉంది, ఒక్క లైను దగ్గర ఆగిపోతుందా అని నాకు దేవుడి మీద, ఏ ఊరి దేవుడైతేనేం, ఒళ్లు మండిపోయింది. కూతురు లేచి తల్లి నుదురు తుడిచింది. ఆమె నిద్రపోయిందనుకున్నాను.

అప్పుడు దుప్పటి కింద చెయ్యి కదిలింది. నెమ్మదిగా కడుపు మీదికి పోయింది. పట్టుకోవడానికి కాదు. డాక్టర్లు వేళ్లు దగ్గరగా చేర్చి నొక్కి చూస్తారే, అలా. ఒకచోట ఆనించింది, కాస్త పక్కకు జరిపి మళ్లీ ఆనించింది. కళ్లు తెరవలేదు. కొత్తగా వచ్చిన పేషెంటుతో, అదీ భయపడుతున్న చిన్నపిల్లతో మాట్లాడినట్టు, మెల్లగా, చాలా మెల్లగా అడిగింది.

“నీకెక్కడమ్మా నొప్పి?”

రాసుకోమని చెప్పలేదు. చెయ్యి అక్కడే ఉంచి, తల కొంచెం పక్కకు వంచి, జవాబు వినడానికి ఆగింది.